ముందు పురుగు, పిదప పేరు

తొలకరి జల్లులు పడి నాలుగు దినములైన పిమ్మట, రాజోలు ప్రాంతమున ఏ యింటి వసారాలో దీపము వెలిగించినను, రాత్రి భోజనముల వేళకు ఒక నల్లని బరువైన పురుగు ఝుమ్మని వచ్చి గోడకు కొట్టుకొని, వెల్లకిలబడి, కాళ్లు తన్నుకొనుచుండుట మీరు చూచియే యుందురు. ఇంటి పెద్దలు "కొమ్ముపురుగు" అని చెప్పి చీపురుతో ఊడ్చివేయుదురు. కళాశాలలో చదువుకొను పిల్లవాడు ఫోనుతో బొమ్మ తీసి, ఆ యంత్రము చూపిన మొదటి పేరును నమ్మి, "ఇది హెర్క్యులిస్ బీటిల్" అని నలుగురికి చాటును. హెర్క్యులిస్ బీటిల్ అనునది మధ్య, దక్షిణ అమెరికా అడవులలోను, ఆ చెంతనున్న ద్వీపములలోను పుట్టి పెరుగునదే గాని, వశిష్ఠ గోదావరి గట్టున తిరుగునది కాదు. పెద్దలు చెప్పినది ఇంచుమించు నిజము, పిల్లవాడు చెప్పినది పూర్తిగా అబద్ధము. అయినను ఇరువురును చేసిన తప్పు ఒక్కటే: పురుగును చూడకమునుపే పేరు చెప్పిరి.

మీకును ఈ యలవాటు కలదా? సిగ్గుపడవలసిన పని లేదు, ఇది అందరికిని ఉన్నదే. తెలియదనుట లోకువయని చిన్ననాటినుండి మనకు నూరిపోసిరి. కావున కంటికి ఏది తగిలినను దానికి వెంటనే ఒక పేరు తగిలించి, పని ముగిసినదని మనస్సును సమాధానపరచుకొందుము. ఈ యధ్యాయమున నేను మీచేత చేయింపదలచిన పని దీనికి సరిగా ఎదురైనది. కాగితముపై వర్ణన పూర్తియగువరకు పేరును నోటికి రానీయకుండవలెను.

ఇది తీరుబడిగలవారి వినోదమని తలపవలదు. కోనసీమలో కొబ్బరియే జీవనాధారము. ఆ చెట్టు మొవ్వులో దూరిన పురుగు ఏదియో తెలిసిననే గాని దానికి మందేదియో తెలియదు. ఒక సందర్భమును ఊహించుడు. దింపుకు వచ్చిన మనిషి చెట్టు దిగి, "మొవ్వు దగ్గర పురుగు పట్టిందండి బాబూ" అనును. "కొమ్ముపురుగేనా?" అని రైతు అడుగును. "ఆయ్, అదేనండి. ముక్కు పొడుగ్గా ఉందండి, ఎర్రగా ఉందండి" అని అతడు చెప్పును. రైతు "సరే, కొమ్ముపురుగే" అని నిశ్చయించుకొని, మట్టల మొదళ్లలో వేపపిండియు ఇసుకయు కలిపి పోయించి, నిశ్చింతగా నుండును. కొన్ని మాసములకు కాండమునకున్న రంధ్రములనుండి గోధుమరంగు జిగురు కారును, పులిసిన వాసన కొట్టును, తుదకు మొవ్వు వాలిపోవును. ఏమి జరిగినది? వచ్చినది కొమ్ముపురుగు కాదు, ఎర్రముక్కు పురుగు. విచారింపదగిన విశేష మేమనగా, చెట్టెక్కిన మనిషి వర్ణన సరిగానే చెప్పెను. ఎర్రగా నున్నదనియు చెప్పెను, పొడవుగా నున్నది ముక్కనియు చెప్పెను. పేరు ముందే స్థిరపడిన చెవికి ఆ రెండు మాటలును వినబడలేదు.

సరే, పనిలోనికి దిగుదము.

1. చోటును, దినమును మొదట వ్రాయుడు.

పురుగు చేతికి చిక్కిన గడియలోనే ఒక చిన్న చీటిపై ఊరు, మండలము, దొరికిన చోటు, తేది, దొరికిన విధము వ్రాసి దానితోపాటే ఉంచవలెను. "దీపమునకు వచ్చినది", "పెంటపోగున రెండడుగుల లోతున దొరికినది", "అయిదేండ్ల మొక్క మొవ్వునుండి ఇనుప కొక్కెముతో లాగినది" అను మూడు వాక్యములు మూడు వేర్వేరు చరిత్రలు. రేపు వ్రాయుదమనుకొన్నచో ఆ రేపు రాదు. ఊరిపేరు వ్రాసి ఊరకుండుటయు చాలదు, ఏలయన గోదావరి పాయలనడుమ లంకలకు లెక్క లేదు, ఒకే పేరుగల పల్లెలును పెక్కు కలవు. జిల్లా పేరును కూడ నమ్మి కూర్చుండరాదు. 1925కు పూర్వము ఇచట దొరికిన పురుగు చీటిపై గోదావరి జిల్లా యనియు, తరువాత తూర్పు గోదావరి యనియు, 2022 ఏప్రిల్ 4 నుండి కోనసీమ జిల్లా యనియు ఉండును. చోటు కదలలేదు, దాని చిరునామా మాత్రము మారినది. ఫోను చూపు అక్షాంశ రేఖాంశములను చీటిమీద వేసినచో ఈ చిక్కు తీరును. ఫోనును నేను మెచ్చుకొను సందర్భ మిదియొకటి.

2. వంశమును తేల్చువరకు జాతి జోలికి పోవలదు.

ఒక చవకరకపు భూతద్దము సంపాదించుడు, పదింతలు పెద్దదిగా చూపునది చాలును. మొట్టమొదట చూడవలసినది కొమ్ము కాదు, కన్నులయొద్దనుండి బయలుదేరు స్పర్శశృంగములు. స్కారబ్ కుటుంబపు పెంకుపురుగులన్నిటికి ఈ స్పర్శశృంగముల చివర చిన్న చిన్న రేకులుండును. అవి పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి మూసికొనును, వాసన పట్టవలసివచ్చినపుడు తెరచుకొనును. ఈ గుర్తున్నచో మీ చేతిలోనిది పేడపురుగులు, వేరుపురుగుల తల్లులు, పూలను తిను పెంకుపురుగులు, కొమ్ముపురుగులు చేరిన పెద్ద కుటుంబమునకు చెందినదే. ఈ గుర్తు లేనిచో ఎంత నల్లగా నున్నను, ఎంత పెద్దదైనను, అది పరాయిది. ఎర్రముక్కు పురుగును పట్టి చూడుడు: దాని స్పర్శశృంగములు ముక్కు ప్రక్కలనుండియే మొలచి, మోచేతివద్దవలె వంగి, చివర గుండ్రమై యుండును, రేకులుండవు. మన రైతు ఈ యొక్క గుర్తు నెరిగియున్నచో చెట్టు దక్కెడిది.

పిదప ఉపకుటుంబము. కొమ్ముపురుగుల ఉపకుటుంబమున హనువులు, అనగా కొరుకు దవడలు, పైనుండి చూచినను కొంత కానవచ్చును. వేరుపురుగుల తల్లులకు అవి లోపల దాగియుండును. కొమ్ముపురుగుల ముందుకాళ్లకు త్రవ్వుటకు తగిన పెద్ద పండ్లుండును. ఇంతవరకు వచ్చితిరా? ఇప్పుడు కొమ్మును చూడవచ్చును.

3. చూచినను, కొమ్మును సగమే నమ్మవలెను.

కొమ్ము పొడవైనచో మగది, పొట్టిదైనచో ఆడది అని అందరు చెప్పుదురు. సామాన్యముగా అది సత్యమే. కాని పిల్లపురుగుగా నున్నపుడు తిండి చాలక పెరిగిన మగపురుగునకు కొమ్ము బుడిపెయంతయే ఉండవచ్చును. అట్టిదానిని ఆడదని వ్రాసినవా రెందరో. మరి నమ్మదగిన గుర్తేది? పురుగును వెల్లకిల త్రిప్పి, ఉదరపు తుదిభాగమును చూడుడు. ఆడదానికి అచట ఎరుపుడాలుగల గోధుమరంగు వెండ్రుకల గుత్తి దట్టముగా నుండును, మగదానికి ఆ భాగము నున్నగా మెరయుచుండును. కొమ్ము తలపైనుండుటచేత చూపును ముందు అదియే లాగికొనును, నిజము మాత్రము తోకవద్ద నున్నది.

కొమ్మునుగూర్చి ఇంకొక పరీక్ష కలదు. దాని కొన చీలియున్నదా, లేదా? తలమీది కొమ్ము రెండుగా చీలి, ఉరముమీదనుండి ఇంకొక చీలిన కొమ్ము ముందుకు పొడుచుకొని వచ్చినచో అది జైలోట్రూపీస్ అను వేరొక ప్రజాతి. మన కొబ్బరితోటల కొమ్ముపురుగునకు తలపై ఒక్కటే కొమ్ము, వెనుకకు వంగి, చీలకయుండును. దాని వెనుక ఉరముపై ఒక పల్లము, ఆ పల్లపు వెనుకటి గట్టున రెండు చిన్న బొడిపెలు. ఆ రెండు బొడిపెలను భూతద్దము పెట్టి లెక్కించుడు, ఏలయన ఈ ప్రజాతియందే మరికొన్ని జాతులకు మూడు బొడిపెలుండును. ఈ లెక్క సరిపోయినపుడే, అంతకు ముందు కాదు, మీరు ఒరిక్టిస్ రైనోసెరస్ అను పేరును పెన్సిలుతో, ప్రశ్నార్థకముతోకూడ, వ్రాసికొనవచ్చును.

4. కొలతలు మిల్లీమీటర్లలో.

కొమ్మును విడిచి, తల ముందంచునుండి ఉదరపు కొనవరకు పొడవు. పైరెక్కలు మిక్కిలి వెడల్పైనచోట వెడల్పు. కొమ్ము పొడవు విడిగా. కొమ్ముతో కలిపి కొలిచినచో ఒకే పురుగునకు ఇద్దరు వ్రాసిన లెక్కలు పొసగవు. ఈ జాతి సాధారణముగా 35 మొదలు 50 మిల్లీమీటర్ల వరకు ఉండును.

5. వర్ణనను తలనుండి తోకకు నడిపింపుడు.

ఇచటనే పలువురు చేతులెత్తివేయుదురు. "అందముగా నున్నది", "భయంకరముగా నున్నది", "చాల పెద్దది" అని వ్రాసి, అదియే వర్ణన యనుకొందురు. ఆ మాటలు మీ మనస్సును వర్ణించినవి గాని పురుగును వర్ణింపలేదు. మీ కాగితమును మాత్రము చదివి, పురుగును చూడనివాడొకడు నూరు పురుగులున్న పెట్టెలోనుండి దానిని ఏరి తీయగలిగినచో అది వర్ణన. ఒక మచ్చుతునక చూపెదను:

"రాజోలు, ఇంటి వసారా, దీపమునకు రాత్రివేళ వచ్చినది. ఆడది. పొడవు 41 మి.మీ., వెడల్పు 19 మి.మీ., కొమ్ము 4 మి.మీ. పైభాగము నల్లగా మెరయుచున్నది, క్రిందిభాగము ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు. స్పర్శశృంగముల చివర రేకులు మూడు. కొమ్ము పొట్టిది, కొన చీలలేదు. ఉరముపై పల్లము లోతు తక్కువ, వెనుకటి గట్టున బొడిపెలు రెండు. పైరెక్కలపై సన్నని గుంటలు దట్టముగా నున్నవి. పైరెక్కలు ఉదరపు కొనను పూర్తిగా కప్పలేదు. ఉదరాంతమున ఎర్రని వెండ్రుకల గుత్తి. చేత పట్టుకొన్నపుడు ఉదరమును రెక్కలకు రాచి కీచుమనుచున్నది. ఎడమ నడిమికాలి గోరు విరిగినది."

చివరి వాక్యము మీకు వింతగా తోచినదా? విరిగినదానిని విరిగినట్లు వ్రాయనిచో, దానిని చదివినవాడు ఆ జాతికే అచట గోరు లేదనుకొనును. లేనిదానిని లేదనియు, కనబడనిదానిని కనబడలేదనియు వేర్వేరుగా వ్రాయుట ఈ విద్యలో సగపాలు. రంగులవిషయమున కూడ జాగ్రత్త వలయును. ప్యూపానుండి అప్పుడే వెలువడిన పురుగు ఎర్రగా, మెత్తగా నుండి, క్రమముగా నల్లబడును. ఎర్రనిది వేరొక జాతి యని ఉత్సాహపడి ఉత్తరములు వ్రాసినవారికి కొన్నాళ్లకు ఆ పెట్టెలోనే నల్లని పురుగు కనబడును.

6. పిల్లపురుగును విడిచిపెట్టరాదు.

తల్లిని ఎరిగినవారు పదిమంది యున్నచో పిల్లను ఎరిగినవాడు ఒక్కడును ఉండడు. పెంటపోగులందును, కుళ్లిన కొబ్బరి మొద్దులందును తెల్లగా, లావుగా, వంపు తిరిగి పండుకొన్న పురుగులు మీకు దొరకును. అవియన్నియు కొమ్ముపురుగు పిల్లలేనా? కావు. మూడు పరీక్షలు చేయుడు.

మొదటిది కాళ్లు. కొమ్ముపురుగు పిల్లకు తలవెనుక మూడు జతల కాళ్లుండును. కొబ్బరి కాండములోపల దొరకు ఎర్రముక్కు పురుగు పిల్లకు కాళ్లే యుండవు. ఈ పరీక్షకు భూతద్దమైన అక్కరలేదు.

రెండవది నడక, నాకు మిక్కిలి ప్రియమైన పరీక్ష యిదియే. పిల్లపురుగును తీసి చదునైన గట్టినేలపై విడువుడు. అది వెల్లకిల తిరిగి, కాళ్లు ఆకాశమునకెత్తి, వీపుతో ప్రాకుచు చకచక పోయినచో అది పూలను తిను పెంకుపురుగు పిల్ల. కుళ్లినదానిని తిని ఎరువుగా మార్చుటయే దాని పని, దానిని చంపి మీరు సాధించున దేమియు లేదు. కొమ్ముపురుగు పిల్ల అట్లు పోజాలదు, ఒక ప్రక్కకు ఒరిగి, ముడుచుకొని, వృథాగా కదలుచుండును. పెంటపోగు త్రవ్వినపుడెల్ల కనబడిన ప్రతి తెల్లపురుగును కోళ్లకు వేయు గృహస్థులు ఒక్కసారి ఈ పందెము పెట్టి చూతురుగాక.

మూడవది తల వెడల్పు. పిల్లపురుగు మూడు దశలలో పెరుగును, దశకును దశకును నడుమ కుబుసము విడుచును. శరీరము తిండినిబట్టి ఉబ్బును, కాని గట్టి పెంకుగల తల ఒక దశలో నున్నంతకాలము పెరుగదు. అందుచేత శరీరపు పొడవు కొలిచి వయస్సు చెప్పుట పొరపాటు, తల వెడల్పు కొలువవలెను. ఇంచుమించు ఒక సెంటీమీటరున్నచో అది తుదిదశ, కొద్దికాలములో ప్యూపాయై, ఎగిరి మొవ్వు చేరును. పెంటపోగున పచ్చబూజు మందు, అనగా మెటారైజియం శిలీంధ్రము, చల్లదలచినవారు ఈ లెక్క చూచికొని తొందరపడవలెను.

కుళ్లిన మొద్దులమాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. 1996 నవంబరు 6నాటి తుపానున కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిన తీరు పెద్దలు మరువలేదు. కూలిన ప్రతి మొద్దును ఈ పురుగునకు పురిటిల్లే. తుపాను వెళ్లిన పిదప మొద్దులను తొలగింపుమని శాస్త్రజ్ఞులు చెప్పుట అందులకే.

7. దాచునపుడు చేయు తప్పులు.

ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించినచో మూడవనాటికి కుళ్లును. డీప్ ఫ్రీజరులో ఒక రాత్రి యుంచి, తీసి ఆరబెట్టి, సూదిని కుడి పైరెక్కకు గ్రుచ్చవలెను, నడుమ గ్రుచ్చరాదు. నడుమనున్న గుర్తులు చెడకుండుటకై పెంకుపురుగులకెల్ల ఈ పద్ధతిని పాటింతురు. చీటిని ఆ సూదికే గ్రుచ్చుడు. గోదావరి జిల్లాల తేమకు బూజు పట్టును, చీమలు చేరును, కావున బిగువైన పెట్టెయు, నాఫ్తలీన్ ఉండలును తప్పవు.

8. ఎవరికి చూపవలెను?

అంబాజీపేటలో ఉద్యానపరిశోధనా స్థానమున్నది, కొబ్బరి పురుగుల విషయమున అది మీకు దగ్గరిది. పుస్తకము కావలెనన్నచో, లండనులోని బ్రిటిష్ మ్యూజియములో పనిచేసిన గిల్బర్ట్ ఏరో 1910లో భారతదేశపు కొమ్ముపురుగులను, పూలపెంకుపురుగులను ఒక సంపుటములో వర్ణించెను. ఇంగ్లీషు కొంచెము కఠినమైనను, ప్రతి జాతికి అతడు తలనుండి తోకవరకు నడచిన క్రమము నేర్చికొనదగినది.

ఏరో పుస్తకములోను, తరువాతివానిలోను లేని పురుగు మీకు దొరకినదా? అట్టి భాగ్యము కొమ్ముపురుగువలన కలుగుట దుర్లభము, ఏలయన దానికి స్వీడను ప్రకృతిశాస్త్రజ్ఞుడు లినేయస్ 1758లోనే నామకరణము చేసి పుస్తకమున కెక్కించెను. కాని చిన్న పేడపురుగుల విషయమున ఎవరికైనను కలుగవచ్చును. అపుడును పేరు పెట్టుటకు తొందర వలదు. లినేయస్ శిష్యుడు కోనిగ్ తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతట మొక్కలను, పురుగులను సేకరించి, 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురమున కన్నుమూసెను. కోనిగ్ పంపిన పురుగులలో పెక్కింటికి పేరు పెట్టినది యూరపులోనున్న కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్. సేకరించినవాడు తన పని చేసెను గనుకనే పేరు పెట్టువాడు తన పని చేయగలిగెను.

క్రొత్తజాతిని ప్రకటించుటకు నియమములు కఠినమైనవి. ఒక్క పురుగును హోలోటైపుగా, అనగా ఆ పేరునకు శాశ్వతసాక్షిగా, నిర్ణయించి, అది ఏ సంగ్రహాలయమున ఉన్నదో చెప్పి, సమీప జాతులనుండి దానికిగల భేదములను అచ్చువేయవలెను. మన దేశమున 2002నాటి జీవవైవిధ్య చట్టముననుసరించి నమూనాను ప్రభుత్వము గుర్తించిన భాండాగారమునకు ఈయవలెను. కలకత్తాలో 1916లో స్థాపింపబడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అట్టిది.

కంటిచూపునకుగల హద్దును కూడ తెలిసికొనుడు. ఇదే కొమ్ముపురుగు 1909లో సింహళమునుండి రబ్బరు మొక్కలతో సమోవా దీవులకు పోయి అచటి కొబ్బరిని పాడుచేసెను. 1960లలో మలయాలో కనుగొన్న ఒక వైరసును దానిపై ప్రయోగింపగా పలుచోట్ల తగ్గినది. 2007లో గువామ్ దీవిలో కనబడిన పురుగులు మాత్రము ఆ వైరసునకు లొంగలేదు. కొమ్ము, బొడిపెలు, వెండ్రుకల గుత్తి అన్నియు సమానమే, భేదము రక్తసంబంధమైనది, డి.ఎన్.ఏ. పరీక్షకే దొరకునది. అందుచేత, ఒక కాలును విరిచి చిన్న సీసాలో శుద్ధమైన ఆల్కహాలునందు వేసి, పురుగునకిచ్చిన సంఖ్యనే దానికిని వేసి ఉంచుట మంచిది.

నిపుణునికి పంపునపుడు ఒకటి పంపి, అదే చోట అదే దినమున దొరికిన రెండవదానిని మీయొద్ద ఉంచుకొనుడు. రెండింటికి వేర్వేరు సంఖ్యలు వేసి, ఏది ఎచటికి పోయినదో పుస్తకమున వ్రాయుడు. "ఇది కొమ్ముపురుగా?" అని ఉత్తరములో అడుగవలదు. మీ వర్ణనను, చీటి నకలును, పైనుండియు, ప్రక్కనుండియు, క్రిందినుండియు తీసిన మూడు ఫోటోలను జతపరచి, "దీని పేరు తెలుప ప్రార్థన" అని మాత్రము వ్రాయుడు. జవాబు వచ్చినపుడు ఆ పేరును, చెప్పినవారి పేరును, సంవత్సరమును వేరొక చీటిపై వ్రాసి, మొదటి చీటి క్రింద అదే సూదికి గ్రుచ్చుడు. మొదటి చీటిని తీసివేయవలదు.